కౌన్సెలర్లకు బోధించే మార్గంలో సలహా కావాలి

హైదరాబాదులోని ఒక కళాశాలలో తొమ్మిదేళ్లుగా కౌన్సెలింగ్ సైకాలజీ బోధిస్తున్నాను. పాతబస్తీ నుంచి దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలు, ఉట్నూరు వైపు నుంచి వచ్చిన గోండీ పిల్లలు నా తరగతిలో పక్కపక్కనే కూర్చుంటారు. అస్మిత (తన జాతి, సమూహం పరంగా తానెవరన్న ఎరుక) వికాసం గురించి అమెరికా మనస్తత్వవేత్త జీన్ ఫిన్నీ 1989లో వివరించిన దశలను (పట్టించుకోకపోవడం, వెతుక్కోవడం, స్థిరపడడం) చెబుతాను గాని, అవి అమెరికా హైస్కూలు పిల్లలను పరిశీలించి చెప్పినవి కనుక మన కులాన్ని, యాసను వాటిలో ఎలా ఇమడ్చాలో తెలియడం లేదు.

మొన్న అభ్యాస సంభాషణలో కౌన్సెలర్ పాత్ర వేసిన అమ్మాయి “మీదే ఊరు?” అని మామూలుగానే అడిగితే, ఎదుటి అబ్బాయి పెన్ను మూత తిప్పుతూ మాట మార్చేశాడు, ఆ ప్రశ్నలో అతనికి “మీరేమోళ్లు?” (మీదే కులం?) అన్నదే వినిపించిందట. (నాకూ అది తట్టలేదు.)

ఇటువంటి అనుభవాల మీదే పిహెచ్‌డి చేయాలని ఉంది. నలభై రెండేళ్ల వయసులో అమెరికాలో కౌన్సెలర్ ఎడ్యుకేషన్ (కౌన్సెలర్లకు బోధించేవారిని తయారుచేసే చదువు) డాక్టరేటుకు వెళ్లడం మేలా, ఇక్కడే సైకాలజీలో చేయడం మేలా? ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పగలరు.