అప్‌డేట్: నూనె తగిలితే పగిలే ఫిల్టర్ బౌల్స్‌కి పారదర్శక నైలాన్

కంప్రెసర్ గాలి గొట్టాలకి పెట్టే ఎయిర్ లైన్ ఫిల్టర్లకి మేం మోల్డ్ చేసే పాలికార్బొనేట్ బౌల్స్ (గిన్నెలు), కంప్రెసర్‌లో సింథటిక్ ఆయిల్ పోసే కస్టమర్ల దగ్గర థ్రెడ్ (బిగించే మరలు) దగ్గరే పగుళ్లిస్తున్నాయనీ, లోపలి నీళ్లు కనబడే వేరే ప్లాస్టిక్ చెప్పమనీ అడిగాను కదా. నైలాన్ అన్నారు మీరు. నైలాన్ అంటే పాలరంగే కదా అనుకునేవాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తాను.

నైలాన్ 6, 66లలో అణువుల పొడవాటి గొలుసులు వరసగా సర్దుకుని స్ఫటికాలవుతాయి. వాటికి తగిలి వెలుతురు చెదురుతుంది. టెరెఫ్తాలిక్ ఆమ్లంతో, మిథైల్ కొమ్మలున్న డైఅమీన్‌తో (నైలాన్ తయారీలో ఆమ్లానికి జతయ్యే రసాయనం) చేసిన రకంలో ఆ కొమ్మలే గొలుసుల్ని సర్దుకోనివ్వవు. గాజులా తేటగా వస్తుంది, సుమారు 150 డిగ్రీల దాకా మెత్తబడదు. కాకపోతే ఆల్కహాల్ దానికి పడదు. మా కస్టమర్లు బౌల్స్‌ని స్పిరిట్‌తోనే తుడుస్తారు! అందుకే సైక్లోహెక్సేన్ వలయాలున్న డైఅమీన్‌కి 12 కార్బన్ల ఆమ్లం కలిపిన రకం తీసుకున్నాం. ఇందులో స్ఫటికాలున్నా చాలా చిన్నవి, చూపుకి అడ్డం రావు.

ఈ నైలాన్ గింజల్ని మాత్రం 80 డిగ్రీల్లో, తేమ పీల్చే డెసికెంట్ డ్రయర్‌లో బాగా ఆరబెట్టాలి. తేమ మిగిలితే గేటు (కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి వెళ్లే చోటు) నుంచి వెండి చారలు పరుచుకుంటాయి, గట్టిదనమూ పోతుంది.

అదే ఆయిల్‌లో నానబెట్టి, ప్రెషర్ పెట్టి, థ్రెడ్ల మొదళ్లని భూతద్దంతో చూశాం. సన్నగీత కూడా లేదు. ధర పాలికార్బొనేట్ కంటే చాలా ఎక్కువే. అయినా ప్రెషర్‌లో ఉన్న బౌల్ మనిషి ముఖం ముందు పగలకూడదు, ఆ ఖర్చు పెట్టాల్సిందే. సలహా ఇచ్చినవాళ్లందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.