సూరత్ నుంచి వచ్చి ఇక్కడ నాలుగు సాంచాలు పెట్టుకుంటే నడుస్తాయా? (చర్చ)

పరకాల_పెద్దోడు:
మా తమ్ముడు 14 ఏళ్లుగా సూరత్‌లో పవర్‌లూమ్ మీద పనిచేస్తున్నాడు. ఇక ఇంటికొచ్చేస్తానంటున్నాడు. కూడబెట్టిన డబ్బుతో నాలుగు పాత సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, కొని వరంగల్ పక్కన ఎక్కడైనా పెట్టుకుంటాడట. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన అయింది, 2023లో దానికి కేంద్రం పెట్టిన పెద్ద టెక్స్‌టైల్ పార్కుల పథకం పీఎం మిత్రలో చోటు దొరికింది, ఇంకేముంది వరంగల్ కూడా సూరత్ అయిపోతుందని వాడి లెక్క. నాకేమో టెన్షన్. ఈ పనిలో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

సిరిసిల్ల_ఆసామి:
అన్నా, తమ్ముణ్ని ఒక్కటే అడుగు. రాత్రి పదింటికి సాంచా ఆగిపోతే ఎవరిని పిలుస్తాడు?

నాకు 12 సాంచాలున్నాయి. మా సందు చివర్లోనే జాబర్, అంటే సాంచాలు బాగుచేసే మెకానిక్, ఉంటాడు, చెయ్యి కడుక్కొని వచ్చేస్తాడు. పక్కింట్లో వైపని (పోగులు అతికేవాళ్లు), అవతలి వీధిలో వార్పిన్ (దారం బీముకు చుట్టేవాళ్లు). నాడెలు, పట్టీలు లాంటి సాంచా సామాను దొరికే కొట్టు నడిచిపోయేంత దూరం. సేటు, అంటే వ్యాపారి, దారం ఇస్తాడు, బట్ట కూడా ఆయనే తీసుకుంటాడు, నాకు మీటరుకింత. ఇవన్నీ నేను పెట్టినవి కావు, ముప్పై నలభై ఏళ్లలో ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్నవి. ఒక్కడే వెళ్లి ఖాళీ జాగాలో షెడ్డు వేసుకుంటే ఒక్క నట్టు కోసం రోజు పోతుంది.

చెడు కూడా చెప్పాలి కదా. ఇక్కడ దాదాపు అందరం ఒకే రకం బట్ట నేస్తాం, ఎక్కువగా పాలిస్టర్. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాయి, కడుపు నిండా పని. అది ఆగినప్పుడు వీధి వీధంతా ఒకేసారి చప్పుడు ఆగిపోయింది. సిరిసిల్లలో సాంచాల చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు, నవ్వకండి.

కొత్తవాడ_కోడలు:
మాది వరంగల్ కొత్తవాడ, శత్రంజీలు (నేల మీద పరిచే దర్రీలు) నేసే ఇల్లు. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌కి ఇక్కడి తివాచీలు వెళ్లాయని మా మామయ్య వచ్చినవాళ్లందరికీ చెప్తారు. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చింది. సంతోషమే. కానీ ఆ కాగితం వచ్చాక మా ఇంట్లో ఇంకో మగ్గం పెరగలేదు, పిల్లలు ఈ పనిలోకి రాలేదు. ఒక సంస్థకు సరుకిచ్చి బిల్లు కోసం పదకొండు నెలలు తిరిగాం. నేసేవాళ్లు పక్కపక్కనే ఉన్నారు తమ్మీ, కొనేవాళ్లే లేరు. మీ తమ్ముడు ముందు కొనేవాణ్ని పట్టుకోవాలి, సాంచాలు తర్వాత.

రిటైర్డ్_ఎకనామిక్స్:
ఆసామి గారు చెప్పిన సందు గురించే 1890లో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ రాశాడు. షెఫీల్డ్‌లో కత్తులు చేసేవాళ్లంతా ఒక్కచోట చేరితే పని తెలిసినవాళ్లు, సామాన్లు అమ్మేవాళ్లు, కబుర్లు అన్నీ అక్కడికే వచ్చి చేరతాయని. వంద ఏళ్ల తర్వాత, 1990లో మైఖేల్ పోర్టర్ దానికి క్లస్టర్ అని పేరు తగిలించాడు, అప్పటి నుంచి ప్రభుత్వాలన్నీ అదే జపం. నేను ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పాను, ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు మాత్రం క్లస్టర్ కాదు. 1934లో నిజాం కాలంలో వచ్చింది. నూలు, నేత అన్నీ ఆ గేటు లోపలే. ఆ గేటు మూతపడ్డాక ఆ పనిని బయట పట్టుకొని నిలబెట్టే చిన్న యూనిట్లు చుట్టుపక్కల లేవు. పనివాళ్లు చెల్లాచెదురయ్యారు, జాగా ప్లాట్లయింది. కొత్త పార్కును చూసినప్పుడల్లా నాకు ఆ గేటే గుర్తొస్తుంది.

ములుగు_టు_తిరుప్పూర్:
నేను తిరుప్పూర్‌లో ఎనిమిదేళ్లు చెకింగ్ పని చేసి వచ్చాను. అక్కడ ఒక టీషర్టు ఒక్క కంపెనీలో తయారు కాదు. అల్లేది ఒకరు, రంగేది ఒకరు, ప్రింటు, లేబుల్, గుండీ, అట్టపెట్టె అన్నీ వేరే వేరే. అందుకే చేతిలో తక్కువ డబ్బున్నవాడు కూడా ఏదో ఒక ముక్క పట్టుకుని బతకగలడు. కానీ రంగుల నీళ్లు నొయ్యల్ నదిని పాడు చేశాయని 2011లో మద్రాస్ హైకోర్టు డైయింగ్ యూనిట్లు మూయించింది. ఆ ఒక్క ముక్క ఆగితే మిగతావాళ్లకీ దెబ్బే. ఇక్కడ పార్కులో మురికినీటి శుద్ధి ముందే కట్టుకోవాలి, చెరువులు మనవే కదా.

గీసుగొండ_పత్తిచేను:
పార్కు మా ఊరి పక్కనే. పత్తి రైతులం. మా పత్తి ఎనుమాముల మార్కెట్‌కు పోతుంది, అక్కణ్నుంచి జిన్నింగ్ మిల్లుకు, బేళ్లు లారీలెక్కి తమిళనాడు పోతాయి. పార్కులో గణేశా కంపెనీ పాత ప్లాస్టిక్ సీసాల నుంచి పోగు తీస్తుంది, కొరియా వాళ్ల యంగ్‌వన్‌ది ట్రెక్కింగ్ లాంటి బట్టల వ్యాపారం. మంచివే, కానీ వాటికి మా పత్తితో పెద్దగా పనిలేదు. పిల్లల బట్టలు కుట్టే కేరళ కైటెక్స్ వచ్చింది. మా చెల్లి కుట్టు నేర్చుకుంటోంది, నెల జీతం వస్తే చాలంటోంది. పత్తి ఇక్కడే నూలై, ఇక్కడే బట్టయితే మార్కెట్లో ధరకు ఇంకో కొనుగోలుదారు దొరుకుతాడు. నేను చూసేది దానికోసమే.

హన్మకొండ_లెక్కలు:
చిన్న యూనిట్లకు కేంద్రానిది ఒక క్లస్టర్ పథకం ఉంది, ఎంఎస్ఈ-సీడీపీ అంటారు. వార్పింగ్, డైయింగ్, టెస్టింగ్ లాంటివి ఉమ్మడి కేంద్రంగా పెట్టుకుంటే ఖర్చులో పెద్ద భాగం గ్రాంటుగా వస్తుంది. కానీ యూనిట్లు కలిసి ఒక కంపెనీగా ఏర్పడాలి, తమ వాటా పెట్టాలి. పేపరు పని నేను చేసిపెడతాను, ఫీజు తర్వాత మాట్లాడుకుందాం. అసలు కష్టం పేపర్లు కాదు. ఇరవై మంది ఒక్క బ్యాంకు ఖాతాలో డబ్బు వేసి ఏడాది కొట్టుకోకుండా ఉండటం.

సిరిసిల్ల_ఆసామి:
లెక్కలు సార్ మాట అక్షరాలా నిజం. మేం ఒకసారి ప్రయత్నించి ఛైర్మన్ ఎవరన్న దగ్గరే ఆగిపోయాం.

పరకాల_పెద్దోడు:
ఇవన్నీ తమ్ముడికి ఫోన్‌లో చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒక్కటే, వరంగల్ పక్కన మడికొండ వైపు సూరత్ నుంచి వచ్చినవాళ్లు షెడ్లు వేసుకున్నారంట కదా, అక్కడ జాబర్ ఉన్నాడా అని. నాలుగు కాదు, ముందు రెండే కొంటాడట, అదీ వాళ్ల పక్కన జాగా దొరికితేనే. అక్కడ షెడ్డు అద్దె ఎంతుంటుందో తెలిసినవాళ్లు చెప్పండి, సంక్రాంతికి వచ్చి చూసుకుంటాడు. కొత్తవాడ అక్కా, కొనేవాళ్ల సంగతి కూడా వాడికి చెప్పాను, ఇద్దరు వ్యాపారుల నంబర్లు సూరత్‌లోనే తీసుకుని వస్తానన్నాడు.