థాయ్ పల్లీ సాస్ ఇంట్లో చేస్తే సిమెంట్ ముద్ద అవుతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నా?

అర్ధరాత్రి_ఆకలి:

అందరికీ నమస్తే. రెండు నెలల క్రితం బ్యాంకాక్ వెళ్ళినప్పుడు యావరాత్‌లో (అక్కడి చైనాటౌన్) రోడ్డు పక్క బండి దగ్గర చికెన్ సతే తిన్నా, పుల్లలకి గుచ్చి బొగ్గుల మీద కాల్చి ఇస్తారు కదా అదే. చికెన్ సంగతి పక్కన పెట్టండి, దాంతో పాటు చిన్న ప్లాస్టిక్ కవర్లో ముడేసి ఇచ్చిన పల్లీ సాస్ ఉంది చూశారూ, అది ఇప్పటికీ నా బుర్రలోంచి పోవట్లేదు. పైన ఎర్రటి నూనె తేలుతూ, కింద పల్లీ పలుకులు పంటికి తగులుతూ, నోట్లో పెట్టగానే తీపి, వెనకాలే పులుపు, మింగాక ఎక్కడో గొంతులో కారం. కవర్ చింపి మరీ నాకేసా, సిగ్గు లేకుండా చెప్తున్నా.

ఇంటికొచ్చాక మూడుసార్లు ట్రై చేశా, మూడుసార్లూ ఫెయిల్. మొదటిసారి ఏదో వీడియో చూసి పీనట్ బటర్, సోయా సాస్, నిమ్మరసం, తేనె కలిపి పలచబడుతుందని రెండు స్పూన్ల నీళ్ళు పోశా, పలచబడటం కాదు కదా బిగుసుకుపోయింది, విస్కర్ పైకి లేపితే గిన్నె కూడా లేచొచ్చింది. రెండోసారి కొబ్బరిపాలు, రెడ్ కర్రీ పేస్ట్, పీనట్ బటర్ అన్నీ ఒకేసారి గిన్నెలో పడేసి మరిగించా, పచ్చివాసన. మూడోసారి ఎవరో కొబ్బరిపాలు నూనె తేలేదాకా మరగనివ్వమంటే ఇరవై నిమిషాలు స్టవ్ దగ్గరే నించున్నా, పాలు చిక్కబడ్డాయి కానీ నూనె చుక్క కూడా రాలేదు.

మూడు డౌట్లు. నూనె ఎందుకు తేలట్లేదు? పీనట్ బటర్ వాడాలా, పల్లీలు వేయించుకోవాలా? మా ఆవిడ ప్యూర్ వెజ్, ఫిష్ సాస్ లేకుండా ఆ రుచి వస్తుందా?

కొబ్బరిపాల_పిచ్చి:

బ్రో, మీరు దీన్ని చట్నీ టైపులో చూస్తున్నారు, అందుకే వచ్చింది తంటా అంతా. థాయ్ వాళ్ళు దీన్ని నామ్ చిమ్ సతే అంటారు, నామ్ చిమ్ అంటే ముంచుకు తినే సాస్, కానీ చేసే పద్ధతి మాత్రం అచ్చం కూర చేసినట్టే, ముందు కొబ్బరి నూనె తేలాలి, ఆ నూనెలో పేస్ట్ వేగాలి, ఆ తర్వాతే పల్లీలు. మీ రెండోసారి పచ్చివాసన ఎందుకొచ్చిందంటే ఆ పేస్ట్‌లో నిమ్మగడ్డి, గలంగల్ (అల్లం లాంటి దుంప), వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, ఎండుమిర్చి అన్నీ పచ్చిగానే నూరి ఉంటాయి, వాటిని నీళ్ళలాంటి పాలల్లో ఉడికిస్తే ఉడుకుతాయి తప్ప వేగవు.

ఇక నూనె తేలకపోవడం. మీ డబ్బా వెనక తిప్పి పదార్థాల లిస్ట్ చదవండి. కొబ్బరి, నీళ్ళు ఇంతే ఉంటే తేలుతుంది. ఎమల్సిఫయర్ అనో, పాలిసార్బేట్ అనో, గ్వార్ గమ్ అనో ఉంటే రాత్రంతా మరిగించినా కష్టమే, ఎందుకంటే నూనె, నీళ్ళు విడిపోకుండా పట్టి ఉంచడానికే వాటిని కలిపేది. మీరు విడగొట్టాలని చూస్తున్నారు, అవేమో విడిపోనివ్వం అంటున్నాయి. అలాంటి పాలే దొరికితే ఏం పర్లేదు, రెండు స్పూన్ల మామూలు నూనె వేసి అందులో పేస్ట్ వేయించేయండి, తినేవాళ్ళకి తేడా తెలీదు.

ఓపిక ఉంటే కొబ్బరి తురిమి పాలు తీసుకోండి. గోరువెచ్చటి నీళ్ళు కొద్దిగా పోసి పిండితే వచ్చే మొదటి చిక్కటి పాలని వాళ్ళు హువా కథి అంటారు, అంటే కొబ్బరిపాల తల, మళ్ళీ నీళ్ళు పోసి పిండిన పలచటివి హాంగ్ కథి, తోక అన్నమాట. తలని మరిగించి నూనె తేల్చాలి, తోకని చివర్లో పలచన చేసుకోడానికి వాడుకోవాలి. డబ్బా పాలైతే ఊపకుండా తెరవండి, పైన గట్టిగా పేరుకున్నదే మీ తల.

నేను చేసే లెక్క చెప్తా. 400 ఎంఎల్ డబ్బా ఒకటి. పైన మీగడ ఓ అర కప్పు తీసి మీడియం మంట మీద పెడితే ముందు బుడబుడమని పెద్ద బుడగలు వస్తాయి, నీళ్ళు ఇగిరేకొద్దీ ఆ చప్పుడు మారుతుంది, చిటపటమని సన్నగా వేగుతున్న సౌండ్ వస్తుంది, అంచుల్లో నూనె మెరుస్తుంది, అదీ టైమ్. వాళ్ళు దాన్ని టేక్ మన్ అంటారు, నూనె పగలడం అని. అప్పుడు రెండు టేబుల్ స్పూన్ల రెడ్ కర్రీ పేస్ట్ వేసి నూనె ఎర్రబడేదాకా, వాసన వీధిలోకి వెళ్ళేదాకా మూడు నాలుగు నిమిషాలు తిప్పండి. మిగతా పాలు పోయండి. వేయించి బరకగా దంచిన పల్లీలు 120 గ్రాములు, తాటిబెల్లం 40 గ్రాములు, చిక్కటి చింతపండు గుజ్జు రెండు టేబుల్ స్పూన్లు, ఉప్పు అర టీస్పూన్ నుంచి మొదలెట్టి చూసుకుంటూ వెళ్ళండి. సన్నమంట మీద పదిహేను నిమిషాలు. నూనె మళ్ళీ పైకి తేలితే అయిపోయినట్టే. మసమన్ పేస్ట్ దొరికితే ఒక స్పూన్ తగిలించండి, అందులో దాల్చినచెక్క, యాలకులు, లవంగం ఉంటాయి కాబట్టి ఆ బండి వాసన దగ్గరికి వస్తుంది.

షార్ట్‌కట్_సుబ్బు:

ఇంత పురాణం అవసరమా సార్. పీనట్ బటర్‌తో పది నిమిషాల్లో అయిపోతుంది, నేను వారానికోసారి నూడుల్స్‌లోకి చేస్తా, ఇంట్లో అందరూ లొట్టలేసుకుంటూ తింటారు. ఆయనకి ముద్ద అయింది కదా, దానికి మందు ఇంకాసిని నీళ్ళు, అంతే. వేడినీళ్ళు స్పూన్ స్పూన్ పోస్తూ తిప్పితే ఐదారు స్పూన్ల దగ్గర ఒక్కసారిగా లొంగిపోయి క్రీమ్‌లా అవుతుంది. ఆయన రెండు స్పూన్ల దగ్గర భయపడి ఆగిపోయారు.

కొబ్బరిపాల_పిచ్చి:

సుబ్బుగారు చెప్పిన నీళ్ళ సంగతి నూటికి నూరు పాళ్ళు నిజం. పీనట్ బటర్ అంటే నూనెలో తేలుతున్న పల్లీ పొడి, పల్లీలో దాదాపు సగం నూనే కదా. దానికి చుక్క నీళ్ళు తగిలితే ఆ పొడంతా నీళ్ళు పీల్చేసి ఒకదానికొకటి అతుక్కుంటుంది, అందుకే బిగుసుకుంటుంది, చాలినన్ని పోస్తే మళ్ళీ విడిపోతుంది. కానీ సోయా సాస్, తేనె, నిమ్మరసంతో వచ్చేది వేరే సాస్ అండీ, బాగానే ఉంటుంది, నేనూ తింటా, దాన్ని అమెరికా థాయ్ రెస్టారెంట్ల స్టైల్ అనుకోవచ్చు. ఈయన అడుగుతున్నది బ్యాంకాక్ బండిది.

పీనట్ బటరే వాడతా అంటే చక్కెర, గట్టిపడే నూనెలు కలపనిది, ఒట్టి పల్లీలతో చేసింది తీసుకోండి, ఏడు టేబుల్ స్పూన్లు ఆ 120 గ్రాములకి సరిపోతుంది. తీపి కలిపిన డబ్బా అయితే తాటిబెల్లం సగానికి తగ్గించండి. నా మాట వింటే సగం దంచిన పల్లీలు, సగం బటర్, అప్పుడు చిక్కదనమూ ఉంటుంది, పలుకూ తగులుతుంది.

పల్లీలు వేయించడం దగ్గరే చాలామంది పాడుచేస్తారు. ఓవెన్లో 160 డిగ్రీల మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, మధ్యలో ఒకసారి కదపాలి, లేదా మూకుడులో సన్నమంట మీద కదుపుతూనే ఉండాలి. ఒకటి తీసి రెండుగా విరిచి చూడండి, లోపల లేత బంగారు రంగు ఉంటే దించేయండి, దించాక కూడా ఆ వేడికి ఇంకో షేడ్ ముదురుతాయి. లోపల గోధుమ రంగు వచ్చిందంటే చేదు ఖాయం, ఎంత బెల్లం వేసినా ఆ చేదు పోదు. పొట్టు గుడ్డలో వేసి నలిపి ఊదేయండి. బూజు వాసన వచ్చిన పల్లీలు, ముడతలు పడి నల్లగా ఉన్నవి అస్సలు వాడొద్దు, వేయిస్తే పోయే విషం కాదది.

పాతకాలం_గరిటె:

వెజ్ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. బాబూ, నువ్వు ఫిష్ సాస్ గురించి కంగారు పడుతున్నావు కానీ అసలు దొంగ కర్రీ పేస్ట్ డబ్బాలో ఉన్నాడు. రెడ్ కర్రీ పేస్ట్‌లో రొయ్యల ముద్ద వేయడం వాళ్ళ పద్ధతి, కపి అంటారు. డబ్బా మీద ఎర్ర మిరపకాయ బొమ్మ చూసి వెజ్ అనుకుని కొనేస్తారు, నేనే ఒకసారి కొని, వండి, వడ్డించి, తర్వాత ఖాళీ డబ్బా కడుగుతూ చదివాను. ఆ రోజు మా అత్తగారికి ఇప్పటిదాకా చెప్పలేదు. కాబట్టి వెజ్ అని రాసి ఉన్నది చూసి తీసుకో, లేదా ఇంట్లో నూరుకో. నానబెట్టిన ఎండుమిర్చి, నిమ్మగడ్డి కింది తెల్లటి భాగం, గలంగల్, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, కొత్తిమీర వేళ్ళు, మక్రుట్ నిమ్మ తొక్క, తెల్ల మిరియాలు, వేయించిన ధనియాలు, జీలకర్ర. కొత్తిమీర వేళ్ళు పారేయకండి, కాడలకన్నా వేళ్ళలోనే అసలు వాసన. రొయ్యల ముద్ద బదులు ఒక స్పూన్ మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) గానీ కాస్త సోయా సాస్ గానీ వేస్తే ఆ లోతు కొంత వస్తుంది, అంతా రాదు, ఉన్నమాట చెప్పుకోవాలి. ఫిష్ సాస్ మాత్రం ఇందులో లేకపోయినా నష్టం లేదు, ఉప్పు చాలు.

తాటిబెల్లం మాట వచ్చింది కాబట్టి, థాయ్‌లాండ్‌లో పెచ్చబురి అనే ఊరు దీనికి పేరు, అక్కడ తాటిచెట్టు నీరా కాచి చేసే బెల్లం లేత రంగులో, మెత్తగా ఉంటుంది. కొబ్బరి చెట్టు నుంచి తీసేది కూడా వాడతారు. మన చేతిలో ఉన్నది మరీ నల్లగా, పొగవాసనగా ఉంటే సగం అది, సగం పంచదార వెయ్యి, లేకపోతే సాస్ రంగు మురికిగా కనిపిస్తుంది.

ఇంకోటి, సాస్ ఒక్కటే చేసి ఊరుకుంటే నాలుగు ముంచులకే మొహం మొత్తుతుంది, అంత కొబ్బరి, అంత పల్లీ కదా. అందుకే వాళ్ళు పక్కన ఆజాడ్ పెడతారు, వెనిగర్‌లో పంచదార, ఉప్పు వేసి మరిగించి చల్లార్చి అందులో కీరా, చిన్న ఉల్లిపాయ, పచ్చిమిర్చి ముక్కలు వేస్తారు. కాల్చిన బ్రెడ్ ముక్కలు కూడా ఇస్తారు, మీ ఆవిడకి చికెన్ బదులు టోఫు కాల్చిపెట్టు, బ్రెడ్ ఎలాగూ ఉంది.

సరదాకి ఒక మాట. పల్లీ సాస్‌తోనే అక్కడ ఒక వంటకం ఉంది, ఫ్రా రామ్ లోంగ్ సోంగ్ అని, అంటే స్నానానికి దిగిన రాముడు. ఉడికించిన తూటికూర పరిచి పైన మాంసం పెట్టి పల్లీ సాస్ పోస్తారు. వాళ్ళ రామాయణం రామకియన్‌లో రాముడి ఒంటి రంగు ఆకుపచ్చ, ఆకుకూర సాస్‌లో మునిగితే రాముడు స్నానం చేసినట్టు అని చెప్పుకుంటారు. టోఫుతో కూడా చేసుకోవచ్చు.

చరిత్ర_పురుగు:

చిన్న సవరణ లాంటిది, తప్పుగా అనుకోకండి. సతే పుట్టింది జావాలో, మలయా మీదుగా థాయ్‌లాండ్ చేరింది. వేరుశనగేమో దక్షిణ అమెరికా పంట, సముద్రాలు దాటి ఆసియాకి వచ్చింది. మిరపకాయా అంతే. అంటే ఆ కవర్లో ఉన్న సాస్‌లో పక్కాగా అక్కడిదని చెప్పుకోడానికి నిమ్మగడ్డి, గలంగల్, కొబ్బరి మిగిలాయి. అయినా థాయ్ సాస్‌ని ఇండోనేషియా సాస్‌తో కలిపేయకండి, వాళ్ళు తియ్యటి సోయా సాస్, కెచప్ మానిస్, వేస్తారు, అది నల్లగా ఉంటుంది, రుచే వేరు.

షార్ట్‌కట్_సుబ్బు:

సాస్ అడిగితే ఓడ ఎక్కించారు మమ్మల్ని 😂

అర్ధరాత్రి_ఆకలి:

అప్‌డేట్ అండీ. ముందు అందరికీ దండాలు. డబ్బా వెనక చూస్తే నిజంగానే ఎమల్సిఫయర్ అని ఉంది, రెండు రకాల గమ్ కూడా, ఇరవై నిమిషాలు నేను వాటితో కుస్తీ పట్టానన్నమాట. ఈసారి కొబ్బరి, నీళ్ళు మాత్రమే ఉన్న డబ్బా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి పైన మీగడ తీసి పెట్టా. ఏడో నిమిషంలో ఆ చప్పుడు మారింది చూడండి, బుడబుడ పోయి చిటపట మొదలైంది, నేను స్టవ్ దగ్గర చిన్నపిల్లాడిలా గంతులేశా. వెజ్ పేస్ట్ వేసి వేయిస్తే నూనె ఎర్రగా తిరిగింది, అప్పుడే వాసనలో సగం బ్యాంకాక్ వచ్చేసింది.

పల్లీలు మొదటి ట్రే కాస్త మాడింది, ఒకటి కొరికి చేదు తెలిసి పారేసి మళ్ళీ వేయించా. చింతపండు రెండు స్పూన్లు నాకు చాల్లేదు, ఇంకో అర స్పూన్ పడింది. ఆజాడ్ కూడా చేశా, అది లేకుండా ఇది సగమే అని ఇప్పుడు అర్థమైంది. బండి దగ్గర దాన్ని ముట్టుకోకుండా వచ్చేశా నేను.

ఒక్కటే డౌట్ మిగిలింది, మిగిలిన సాస్ ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి మళ్ళీ గడ్డకట్టింది, పైన తెల్లగా పొరలా ఉంది. పాడైందా? ఆదివారం ఫ్రెండ్స్ వస్తున్నారు, అప్పటికి పనికొస్తుందా?

పాతకాలం_గరిటె:

పాడవలేదు, ఆ తెల్లటి పొర కొబ్బరినూనె, 24 డిగ్రీల కిందకి వస్తే గడ్డకడుతుంది, పల్లీ కూడా రాత్రంతా తేమ పీల్చుకుంటుంది. సన్నమంట మీద పెట్టి రెండు మూడు స్పూన్ల వేడినీళ్ళు పోసి తిప్పు, గలగలా మరిగించకు. మూడు నాలుగు రోజులు ఫ్రిజ్‌లో ఉంటుంది, ఆదివారం అంతకన్నా దూరం ఉంటే డీప్ ఫ్రీజర్లో పెట్టెయ్. వచ్చేవాళ్ళలో ఎవరికైనా పల్లీ పడదేమో ముందే ఫోన్ చేసి అడుగు, ప్లేట్లు పెట్టాక కాదు.