ఆడ, మగ ఆయుర్దాయాల తేడా: రష్యాలో పదేళ్లు, స్వీడన్‌లో మూడేళ్లే ఎందుకు?

ప్రశ్న:
2019 లెక్కల ప్రకారం రష్యాలో మగవాళ్ల ఆయుర్దాయం 68 ఏళ్లు, ఆడవాళ్లది 78. స్వీడన్‌లో తేడా మూడేళ్ల పైచిలుకు. జపాన్‌లో ఇద్దరూ ఎక్కువ కాలమే బతుకుతున్నా ఆరేళ్ల తేడా ఉంది. శరీరతత్వమే కారణమైతే అన్నిచోట్లా ఒకేలా ఉండాలి కదా? ఈ తేడా ఏ వయసులో, ఏ జబ్బుల వల్ల వస్తోందో విడదీసి చూడొచ్చా?

జవాబు 1:
చూడొచ్చండి. ఒకే దేశానివి, ఒకే ఏడాదివి రెండు జీవిత పట్టికలు (ఏ వయసులో ఎంతమంది చనిపోతారో, ఇంకా ఎన్నేళ్లు బతుకుతారో చూపేవి) తీసుకోండి, ఆడవాళ్లది ఒకటి, మగవాళ్లది ఒకటి. మరణాల లెక్కలు భద్రపరిచే హ్యూమన్ మోర్టాలిటీ డేటాబేస్‌లో దాదాపు 40 దేశాలవి ఉచితంగా దొరుకుతాయి. వాటికి అరియాగా పద్ధతి (రెండు ఆయుర్దాయాల తేడాను వయసులవారీగా విడదీసే లెక్క) వర్తింపజేస్తే ఒక్కో వయోవర్గం వాటా ఏళ్లలో తేలుతుంది. ఐదేళ్లకో వర్గం చొప్పున చేయండి. ఏడాదిలోపు పిల్లల్ని మాత్రం 1–4 వర్గంలో కలపకండి, కలిపితే శిశుమరణాల ప్రభావం మరుగున పడుతుంది. వాటాలన్నీ కూడితే మొత్తం తేడా అచ్చంగా రావాలి. రాకపోతే ముందు చిట్టచివరి వర్గం (పై వయసుకు హద్దు లేనిది) చూడండి. దానికి సూత్రం వేరు, చాలామంది పొరబడేది అక్కడే.

తర్వాత ఒక్కో వర్గం వాటాను జబ్బులకు పంచాలి. ఆ వయసులో ఇద్దరి మరణరేట్ల తేడాలో గుండెజబ్బుది సగమైతే, ఆ వర్గం వాటాలోనూ సగం దానిదే. అయితే మరణకారణం సరిగా నమోదు కాని దేశాల్లో ఈ రెండో మెట్టు జోలికి పోకపోవడమే మంచిది.

జవాబు 2:
రష్యా లెక్క వేస్తే బరువంతా నడివయసు మీదే పడుతుంది. మద్యం, దాని వెంట వచ్చే గుండెజబ్బులు, ప్రమాదాలు, హత్యలు, ఆత్మహత్యలు. 1985లో సోవియట్ నేత గోర్బచేవ్ మద్యం మీద ఆంక్షలు పెట్టాక రెండుమూడేళ్లలోనే మగవాళ్ల ఆయుర్దాయం దాదాపు మూడేళ్లు పెరిగింది. ఆడవాళ్లకు పెరిగింది ఏడాది పైచిలుకే. ఆంక్షలు సడలి, సోవియట్ వ్యవస్థ కూలాక 1994 నాటికి మగవాళ్లది 58కి దిగువకు పడి, తేడా 13 ఏళ్లు దాటింది. పదేళ్లలో శరీరతత్వం మారదు కదండీ!

పొగాకుదీ పెద్ద పాత్రే. బ్రిటన్‌లో సిగరెట్లు ముందు అలవాటు చేసుకున్నదీ, ముందు మానేసిందీ మగవాళ్లే. అందుకే అక్కడ తేడా ఒకప్పుడు పెరిగి, 1970ల తర్వాత తగ్గుతూ వచ్చింది.

అలాగని శరీరతత్వాన్ని కొట్టిపారేయలేం. జర్మనీలోని బవేరియా మఠాల్లో ఒకే రకమైన జీవితం గడిపే సన్యాసులు, సన్యాసినుల మీద జనాభా శాస్త్రవేత్త మార్క్ లూయ్ చేసిన అధ్యయనంలో తేడా సుమారు ఏడాదికి దిగింది కానీ, పూర్తిగా పోలేదు.

జవాబు 3:
తేడా తక్కువంటే పరిస్థితి బాగున్నట్టేనని మాత్రం అనుకోవద్దు. భారత్‌లో 1970–75లో మగవాళ్ల ఆయుర్దాయం 50.5 ఏళ్లు, ఆడవాళ్లది 49. ఆడపిల్లల పెంపకంలో వివక్ష, కాన్పు మరణాలు ఆడవాళ్లకు సహజంగా ఉన్న మొగ్గును మింగేశాయి. బయటికి చిన్నగా కనిపించే ఇలాంటి తేడా వెనకే ఘోరమైన అన్యాయం ఉంటుంది. అందుకే మొత్తం అంకె ఒక్కటే చూడకుండా, 1–4 ఏళ్ల వయసులో ఆడపిల్లల మరణరేటు మగపిల్లల కన్నా ఎక్కువుందేమో విడిగా చూడండి.