ఉపవాసముంటే ఆటోఫజీతో కంట్లో డ్రూసెన్ పోతాయా?

పెరంబూరు_కోడలు:
మా అత్తగారికి 69. రెండు కళ్లలోనూ డ్రూసెన్ (రెటీనా కింద పేరుకునే పసుపు మచ్చలు), ఇంటర్మీడియట్ డ్రై ఏఎండీ (వయసుతో రెటీనా నడిమి భాగం, అంటే మాక్యులా, పాడయ్యే జబ్బులో మధ్య దశ) అని ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) రిపోర్టు. 16 గంటలు తినకపోతే ఆటోఫజీ (కణాలు తమలోని పాడైన భాగాలను తామే అరిగించుకోవడం) మొదలై రెటీనాలో చెత్తంతా పోతుందని ఏదో వీడియో చూసి, ఆవిడ రాత్రి భోజనం మానేస్తానంటున్నారు. షుగర్‌కు గ్లిమిపిరైడ్ వాడతారు. ఆ వీడియోలో నిజమెంత?

కణజాలం:
ఆటోఫజీకీ ఈ జబ్బుకూ సంబంధం ఉన్న మాట నిజమే. చిక్కు మాత్రం వీడియో చెప్పిన చోట లేదు.

రెటీనాలోని దండాలు (మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలు) తమ కొనల్లోని పొరల్లో దాదాపు పదో వంతు రోజూ రాలుస్తాయి, ఎక్కువగా ఉదయం వెలుతురు తగలగానే. వెనకున్న ఆర్‌పీఈ (రెటీనాను పోషించే రంగు కణాల పొర) కణాలు వాటిని మింగి అరిగించుకోవాలి. తమలో పాడైన మైటోకాండ్రియాను (కణానికి శక్తినిచ్చే భాగాలు) ఆటోఫజీతో వదిలించుకోవాల్సిందీ ఆ కణాలే. రెండు దారులూ చేరేది లైసోసోముల్లోకే, అంటే కణంలో చెత్తను అరిగించే సంచుల్లోకే. అక్కడి ఎంజైములకు పీహెచ్ 4.5–5 దగ్గర, అంటే బాగా ఆమ్లంగా, ఉండాలి. విటమిన్ ఎ నుంచి పుట్టే కొన్ని వ్యర్థాలు అరగక లిపోఫసిన్ అనే మడ్డిగా పేరుకుంటాయి. ఈ కణాలు మామూలుగా విభజన చెందవు కనక ఆ భారం ఏళ్ల తరబడి వాటిలోనే ఉండిపోతుంది. చెత్తబండి వీధికి వస్తూనే ఉంది, చెత్త పోసే కొడుంగయ్యూరు యార్డులోనే చోటు లేదు. ఉపవాసం పెంచేది బండ్లనే, యార్డును (లైసోసోములను) కాదు.

పైగా డ్రూసెన్ ఉండేది కణం బయట, ఆర్‌పీఈకీ దాని వెనకున్న పల్చటి బ్రుక్ పొరకూ మధ్య. ఆటోఫజీ కణం లోపలి పని.

మాత్రలచీటీ:
గ్లిమిపిరైడ్ వేసుకుని భోజనం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరు డోసు మార్చకుండా వద్దండి. ఆటోఫజీని పెంచే సిరోలిమస్ అనే మందును ముదిరిన డ్రై ఏఎండీలో నేరుగా కంట్లోకి ఇచ్చి చూశారు, మేలు కనబడలేదు.

ఈ దశలో నిరూపణ ఉన్నది ఏఆర్ఈడీఎస్2 (ఈ జబ్బుపై జరిగిన పెద్ద పరిశోధన) ఫార్ములాకు. రోజుకు విటమిన్ సి 500 మి.గ్రా., ఇ 400 ఐయూ, ల్యూటిన్ 10 మి.గ్రా., జియాజాంథిన్ 2, జింక్ 80, కాపర్ 2. 5 ఏళ్లలో ముదిరే ప్రమాదం సుమారు పావు వంతు తగ్గుతుంది. ఉన్న డ్రూసెన్ కరగవు. ‘కంటి విటమిన్’ అని అమ్మేవన్నీ ఈ మోతాదులో ఉండవు, లేబుల్ చూసి డాక్టరును అడిగి కొనండి.

కీళ్లకు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏమైనా వాడుతున్నారా?

పెరంబూరు_కోడలు:
అవునండి, 200 మాత్ర రోజుకు రెండు. బరువు 52 కిలోలు.

మాత్రలచీటీ:
అయితే ముందు చూడాల్సింది ఇదే. కిలోకు 5 మి.గ్రా. దాటకూడదు. అంటే ఆవిడకు 260, పడుతున్నది 400. ఈ మందు లైసోసోముల్లో చేరి ఆమ్లతను తగ్గిస్తుంది, కణజాలం గారు చెప్పిన ఆ చివరి మెట్టు దగ్గరే దెబ్బ. షుగర్‌ను కూడా దించగలదు, గ్లిమిపిరైడ్ తోడైతే ఇంకా జాగ్రత్త.

మీ అంతట మీరు ఆపకండి. ఓసీటీ రిపోర్టు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు రక్త పరీక్ష) రెండూ కీళ్ల డాక్టరుకు చూపించి డోసు అడగండి. కిడ్నీ మందగిస్తే మందు ఒంట్లో నిలిచిపోతుంది. కంటి డాక్టరుకూ ఈ మందు సంగతి చెప్పి 10-2 ఫీల్డ్ టెస్టు (నడిమి చూపును కొలిచే పరీక్ష) గురించి అడగండి. మామూలుగా ఏటేటా పరీక్షలు మందు మొదలెట్టిన 5 ఏళ్ల తర్వాత మొదలవుతాయి. మాక్యులా జబ్బు ఉన్నవాళ్లు అంతవరకు ఆగకూడదు.

కణజాలం:
ఇంట్లో ఆమ్‌స్లర్ గడుల కాగితం పెట్టుకోండి. చదివే కళ్లద్దాలతో, 30–35 సెం.మీ. దూరంలో, ఒక కన్ను మూసి మధ్య చుక్కనే చూడాలి. రెండు కళ్లూ తెరిస్తే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. కొత్తగా గీత వంగినా, గడి మాయమైనా వెట్ రకానికి (రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారే రకం) మారి ఉండొచ్చు. అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఒకటి రెండు రోజుల్లోనే రెటీనా డాక్టరుకు చూపించండి. ఆ నాళాలను అణిచే యాంటీ-వీఈజీఎఫ్ ఇంజెక్షన్లు ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రావడం కష్టం.