ఫిల్టర్‌కి రిక్వెస్ట్ అందకపోతే ఖాళీ జాబితా ఇవ్వాలా, ఎర్రర్ ఇవ్వాలా?

శ్రావణి_బ్యాకెండ్: జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్)లో డేటా వడపోతకి జాంగో-ఫిల్టర్ లైబ్రరీ వాడుతున్నాను. లాగిన్ అయిన ఉద్యోగికి తన బ్రాంచి డిపార్ట్‌మెంట్లే కనబడాలని మోడల్‌ఛాయిస్‌ఫిల్టర్ (డ్రాప్‌డౌన్ ఫిల్టర్) క్వెరీసెట్‌కి, అంటే డేటాబేస్ నుంచి వచ్చే వరుసల జాబితాకి, ఒక ఫంక్షన్ ఇచ్చాను. ఏపీఐలో బాగానే పనిచేస్తోంది. అదే ఫిల్టర్‌సెట్‌ని (ఫిల్టర్లన్నీ ఉన్న క్లాసు) ఎక్సెల్ రిపోర్టు వ్యూలో (పేజీ అడిగితే జవాబిచ్చే కోడ్) పెడితే ఫంక్షన్‌లోకి రిక్వెస్ట్ (ఎవరు ఏం అడిగారో చెప్పేది) నన్ అని, అంటే ఏమీ లేదని, వస్తోంది. లాగిన్ సరిగ్గానే ఉంది. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

రమణ_గుంటూరు: శ్రావణి గారూ, ఏపీఐలో ఆ లైబ్రరీలోని జాంగోఫిల్టర్‌బ్యాకెండ్ రిక్వెస్ట్‌ని తనే అందిస్తుంది. రిపోర్టులో ఫిల్టర్‌సెట్‌ని మీరే తయారు చేస్తున్నారు. రిక్వెస్ట్.గెట్ ఒక్కటే ఇచ్చి ఉంటారు, అది యూఆర్ఎల్‌లో వచ్చిన డేటా మాత్రమే. రిక్వెస్ట్=రిక్వెస్ట్ అని విడిగా ఇవ్వాలి. ఫంక్షన్ మొదట్లో రిక్వెస్ట్ లేకపోతే ఖాళీ క్వెరీసెట్ ఇచ్చేయండి. డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణా అదే.

వలీ_డెవ్: మొదటి మాట సరే. ఖాళీ క్వెరీసెట్ మాత్రం వద్దు. మా టీమ్‌లో ఇలాంటి లైను వల్లే నెలాఖరు రిపోర్టు ఖాళీగా వెళ్లింది. ఈ నెల అమ్మకాలే లేవా అని మేనేజరు అడిగేదాకా ఎవరికీ తెలియలేదు. ఎర్రర్ వచ్చి ఉంటే పది నిమిషాల్లో పట్టుకునేవాళ్లం. మాట పడింది నేను.

రమణ_గుంటూరు: కమాండ్ లైన్ నుంచి స్కీమా (ఏపీఐ వివరణ ఫైలు) తయారు చేసేటప్పుడు రిక్వెస్ట్ ఉండదు. అక్కడ ఎర్రర్ ఇస్తే ఏపీఐ డాక్స్ బిల్డే ఆగిపోతుంది.





వలీ_డెవ్: స్కీమా కోసం స్వాగర్_ఫేక్_వ్యూ (డాక్స్ టూల్ వ్యూ మీద పెట్టే గుర్తు) చూసి వదిలేయొచ్చు. డాక్స్ బిల్డ్ కోసం అసలు వాడేవాళ్లకి తప్పుడు రిపోర్టు ఇస్తామా?

రమణ_గుంటూరు: పన్నెండేళ్లుగా జాంగో రాస్తున్నాను. ఖాళీ జాబితా వల్ల ఒకరి డేటా ఇంకొకరికి పోదు. నాకు కావలసింది అది. మీకు మేనేజరు మాటే పెద్దదైంది.

వలీ_డెవ్: మాట పడ్డవాడికి తెలుస్తుంది రమణ గారూ.

శ్రావణి_బ్యాకెండ్: ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. రిక్వెస్ట్ ఇంకా పంపకుండా, రమణ గారి ఖాళీ క్వెరీసెట్ ఒక్కటే పెట్టి చూశాను. ఒక డిపార్ట్‌మెంట్ ఎంచుకుని రిపోర్టు తీస్తే అన్ని బ్రాంచిల వరుసలూ వచ్చాయి! టెస్ట్ సర్వర్ కాబట్టి సరిపోయింది.

కిరణ్_నిజామాబాద్: అవును, వస్తాయి. ఎంచుకోవడానికి ఏమీ లేదు కాబట్టి ఫారం ఆ విలువని చెల్లదంటుంది. చెల్లని విలువ క్లీన్డ్_డేటాలో (తనిఖీ దాటిన విలువలు) ఉండదు, ఆ ఫిల్టర్ అసలు నడవదు. ఏపీఐలో అయితే 400 ఎర్రర్ వచ్చేది. చేత్తో రాసిన వ్యూలో ఈజ్_వాలిడ్ (విలువలు చెల్లుతాయా అన్న తనిఖీ) చూడకుండా క్యూఎస్ (ఫిల్టర్ల తర్వాతి ఫలితం) తీసుకుంటే మిగిలినదంతా వచ్చేస్తుంది.

వలీ_డెవ్: ఎవరు ఏ బ్రాంచి చూడొచ్చన్నది ఫిల్టర్‌లో ఎందుకుంది? నేను మొదట అడగాల్సింది అదే. బ్రాంచి హద్దు వ్యూలో, క్వెరీసెట్ దగ్గరే పడాలి. ఫిల్టర్ వెతుక్కోవడానికి.

రమణ_గుంటూరు: ఫలితం ఖాళీగా వస్తుందనే అనుకున్నాను, ఇలా జరుగుతుందని ఊహించలేదు. హద్దు వ్యూలోనే పెట్టండి శ్రావణి గారూ. డ్రాప్‌డౌన్‌కి మాత్రం ఖాళీయే మేలని ఇప్పటికీ నా మాట.

వలీ_డెవ్: నేను ఒప్పుకోను.

శ్రావణి_బ్యాకెండ్: రిక్వెస్ట్ పంపాను, వ్యూలో బ్రాంచి హద్దు పెట్టాను, ఈజ్_వాలిడ్ చేర్చాను. వేరే బ్రాంచి డిపార్ట్‌మెంట్ ఐడీ చేత్తో ఇచ్చి చూశాను, తప్పు అని వెనక్కి పంపింది. మిగతా మూడు రిపోర్టుల్లో కూడా ఇదే కోడ్ ఉంది. ఇప్పుడు అవి తెరుస్తున్నాను.