ఈటెల దగ్గర రంగు పెచ్చులు లేస్తా ఉంది, ఎట్టా నిలబెట్టాలి?

కావలి కొలువు:
మా ఇంట్లో దసరాకి బొమ్మల కొలువు పెడతాం. కింది మెట్టు మీద ఏటా ఒక కథ కడతాను. పోయినేడు ఉదయగిరి కోట కట్టాను. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల దగ్గర నుంచి తీసుకున్న కోట అది. మా అమ్మమ్మ వాళ్లది ఆ కొండ కిందే, సెలవులన్నీ దాన్ని చూస్తానే గడిచాయి. అందుకే అంత మోజు.

సైనికులు 96 మంది. 1:72 సైజు మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు, ఒక్కోటి రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. తలపాగాలు ఎంసీల్‌తో నేనే చుట్టాను. స్ప్రే ప్రైమర్ కొట్టి, అక్రిలిక్ రంగులు వెయ్యడానికి రెండు నెలలు పట్టింది. మొన్న డబ్బా తీసి చూస్తే ఈటెలు, కత్తులు, గుర్రాల కాళ్ల మీద రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. కళ్లనీళ్లు తిరిగాయి. మొహాలు, తలపాగాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఎక్కడ తప్పు జరిగింది? మొత్తం గీకేసి మళ్లీ మొదలుపెట్టాలా?

ఒంగోలు బ్రష్:
అమ్మా, ముందు ఒక బొమ్మని నీళ్ల బేసిన్‌లో వెయ్యండి. తేలితే అది పాలిఎథిలీన్. మునిగితే పాలీస్టైరీనో, పీవీసీనో. మీరు చెప్పేదాన్ని బట్టి తేలుతుందనే అనుకుంటున్నా. పాల ప్యాకెట్ ఏ ప్లాస్టిక్కో ఇదీ ఆ జాతిదే. ఒక ఖాళీ ప్యాకెట్ మీద రంగు పూసి, ఆరాక నలిపి చూడండి, మీ ఈటెలకి ఏమైందో కళ్లకి కనపడుతుంది. ఈటె వంగుతుంది, దాని మీద గట్టిపడ్డ రంగు వంగలేదు. మొహం వంగదు కాబట్టి అక్కడ నిలిచింది.

నేను 22 ఏళ్లు సైన్ బోర్డులు రాశాను. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక ఈ చిన్న బొమ్మలు పట్టుకున్నా. రేకు బోర్డయినా, గుర్రం కాలయినా, నేను ఎక్కువసేపు చేసేది కడగడమే. అచ్చులోంచి బొమ్మ ఊడి రావడానికి ఫ్యాక్టరీలో నూనె లాంటిది పూస్తారు. అది కంటికి కనపడదు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ నాలుగు చుక్కలేసి, పాత టూత్ బ్రష్‌తో చంకలు, మడతలు అన్నీ రుద్దాలి. కడిగి ఆరబెట్టాక వేళ్లతో ఒళ్లు తాకకూడదు, మన చేతి జిడ్డు మళ్లీ అంటుకుంటుంది. నేను పాత మందు సీసా మూత మీద బొమ్మని అతికించి, మూత పట్టుకుని రంగు వేస్తా.

వంకరపోయిన ఈటెని మరిగే నీళ్లలో కాసేపు ముంచి, నిటారుగా పట్టుకుని, వెంటనే చన్నీళ్లలో పెట్టండి. అట్టానే ఉండిపోతుంది. అచ్చు గీతల్ని గరుకు కాగితంతో రుద్దితే మెత్తటి ప్లాస్టిక్ నూగులాగా లేస్తుంది. కొత్త బ్లేడుతో కోసేయాలి.

ఇక ప్రైమర్ బదులు తెల్ల ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి పల్చగా పూయండి. ఆరేటప్పుడు బొమ్మ చుట్టూ బిగుసుకుని తొడుగులాగా పట్టుకుంటుంది, ఈటెతో పాటు కాస్త వంగుతుంది. ఒక రోజంతా ఆరనిచ్చి, దాని మీద అక్రిలిక్ పల్చటి పూతలుగా వెయ్యండి. ఎనామిల్ మాత్రం వద్దు. కొన్ని మెత్తటి ప్లాస్టిక్‌ల మీద అది నెలలు గడిచినా జిగట పోదు.

సింగరాయకొండ రైలు:
ఫెవికాల్ మాట నేను పూర్తిగా ఒప్పుకోను పెద్దాయనా. మాది సముద్రం పక్క ఊరు, ఆ తేమకి తొడుగు మెత్తబడటం చూశాను. పైన వార్నిష్ తప్పనిసరి. నేనయితే కారు బంపర్లకి కొట్టే ప్లాస్టిక్ ప్రైమర్ వాడతా. బంపర్లు చేసే పాలిప్రొపిలీన్‌కీ రంగు పట్టదు, దానికోసమే ఆ మందు. ముందు ఒక పాడయిపోయిన బొమ్మ మీద కొట్టి చూడండి.

అక్కా, స్ప్రే ఏ రోజు కొడుతున్నారో చూసుకోండి. వానముసురులో మ్యాట్ వార్నిష్ కొడితే తెల్లగా మంచు పట్టినట్టు అవుతుంది. రోహిణి కార్తె ఎండలో కొడితే రంగు గాల్లోనే ఆరి, బొమ్మ మీద ఇసకలాగా పడుతుంది. పొద్దున పదింటికి, పొడిగా ఉన్న రోజు, జానెడు పైన దూరం నుంచి తేలిగ్గా.

కావలి కొలువు:
తేలాయి! అన్నీ తేలాయి. ఆరుగుర్ని గాజు సీసాలో డెట్టాల్ పోసి ఒక రోజు నానబెట్టాను, రంగు ఊడి వచ్చింది. ఒకదాన్ని నీళ్లతో కడిగితే బంకలాగా తయారైంది.

ఒంగోలు బ్రష్:
ముందే చెప్పాల్సింది అమ్మా. గ్లౌజులు వేసుకుని డెట్టాల్‌తోనే రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే గిన్నెల లిక్విడ్ వాడాలి. నీళ్లు చివర్న. మొహాలు బాగున్నవాటిని ఊరికే నానబెట్టొద్దు. ఈటె ఒక్కటే గీకి, తుడిచి, ఫెవికాల్ పూసి మళ్లీ వెయ్యండి.

కావలి కొలువు:
మిగతా అయిదుగురికి మీరు చెప్పినట్టే చేశాను. ముగ్గురికి ఫెవికాల్, ఇద్దరికి బంపర్ ప్రైమర్, పైన ఎర్ర రంగు, వార్నిష్. నాలుగు రోజులాగి ఈటెల్ని వేలితో ఇరవై సార్లు వంచాను. ఫెవికాల్‌వి మూడూ నిలిచాయి. బంపర్ ప్రైమర్‌లో ఒకదానికి కొసన చిన్న పెచ్చు లేచింది, అక్కడ నేను సరిగ్గా రుద్దలేదేమో. ఆ ఒక్కదాన్ని మళ్లీ కడుగుతా ఉన్నాను.